కాగితాల వరస: గాజువాక నుంచి ఖతార్‌కి

మా వీధిలో గల్ఫ్‌కి వెళ్లినవాళ్లలో పని రానివాడు ఒక్కడూ లేడు. అసలు పనే దొరకక వెళ్లినవాళ్లు కూడా తక్కువే. ఇక్కడ పని ఉంటుంది, కాకపోతే నెలలో ముప్ఫై రోజులూ ఉండదు. రిఫైనరీలో మరమ్మతుల కోసం షట్‌డౌన్ పడితే నెలా నెలన్నర పాటు రాత్రీ పగలూ పిలుస్తారు, తర్వాత ఫోన్ మోగదు. హెచ్‌పీసీఎల్ విశాఖ రిఫైనరీని 8.3 మిలియన్ టన్నుల నుంచి 15 మిలియన్ టన్నులకి పెంచిన పనులు నడిచినన్నాళ్లూ మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక వైపు అద్దెగది దొరకడం కష్టంగా ఉండేది. టిగ్ వెల్డర్ (ఆర్గాన్ వాయువు వదులుతూ అతికేవాడు) అంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవారు. పైపుల పని అయిపోయాక ఆ చేతులన్నీ ఒకేసారి ఖాళీ అయ్యాయి. స్టీల్‌ప్లాంట్ వైపు చూస్తే, 2021 జనవరిలో పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం వచ్చాక కాంట్రాక్టు పని మీద ఎవరికీ ధీమా లేదు. ప్లాంటుకి భూములిచ్చి, నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు దాచుకున్న కొన్ని ఇళ్లలో తాతకీ ఉద్యోగం రాలేదు, తండ్రికీ రాలేదు, మనవడు ఐటీఐ చేసి దోహా విమానం ఎక్కాడు.

ఎందుకు వెళ్తారని అడిగేవాళ్లు ముందు కూలి రేటు చూస్తారు. చూడాల్సింది పని దినాలు. రెండేళ్ల కాంట్రాక్టు అంటే ఇరవై నాలుగు జీతాలు వరసగా పడతాయి. చిట్టీ వెయ్యాలన్నా, స్థలానికి బయానా ఇవ్వాలన్నా, చెల్లి పెళ్లికి ముహూర్తం పెట్టుకోవాలన్నా ఆ వరస కావాలి.

నేను వెళ్లింది ఖతార్‌కి, 6జి వెల్డర్‌గా, అంటే ఏటవాలు పైపు టెస్టు పాసైన వెల్డర్‌గా. సౌదీ, దుబాయ్ దారులు కొంచెం వేరు, తేడా ఉన్నచోట చెప్తాను. వరస ఇది: పాస్‌పోర్టు, ట్రేడ్ టెస్టు, ఏజెంటు లైసెన్సు చూసుకోవడం, ఆఫర్ లెటరు, వీసా నంబరు, ఖతార్ వీసా సెంటరు, వీసా, అవసరమైనవాళ్లకి ఎమిగ్రేషన్ క్లియరెన్సు, చివరికి టికెట్టు. మనం డబ్బు ఈ వరసలో ఎక్కడ కట్టాం అన్నదాన్ని బట్టే చేతికొచ్చేది ఉద్యోగమా, అప్పా అన్నది తేలుతుంది.

పాస్‌పోర్టుతో మొదలు. విశాఖలో ఆఫీసు మర్రిపాలెం వైపు ఉంది. మామూలు 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000. అపాయింట్‌మెంటు ఆన్‌లైన్‌లో తీసుకుని వెళ్తే లోపల పని గంటా రెండు గంటల్లో అయిపోతుంది. చిక్కంతా పేరు దగ్గర. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పేరు మాత్రం పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు చివర, పాన్‌లో మొదట, ఓటరు కార్డులో అసలు ఉండదు. పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి మొత్తం ఒకే గడిలో పెడితే ఇక్కడ ఎవరూ అడ్డుపడరు, తర్వాత దెబ్బ తగులుతుంది. ఒకే మాట పేరుగా ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లని రానివ్వమని యూఏఈ 2022 నవంబరులో తేల్చి చెప్పింది. అందుకని ముందు ఆధార్ సరిచేయించి, టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగ్‌తో ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయించాలి. అప్పలరాజు, సింహాచలం అన్న పేర్లు మా వైపు వీధికి అరడజను మందికి ఉంటాయి. ఇంటిపేరూ తండ్రిపేరూ సరిగ్గా లేకపోతే ఎవడి కేసు ఎవడి మెడకి చుట్టుకుంటుందో చెప్పలేం.

రెండో చిక్కు ఈసీఆర్. టెన్త్ పాసైనట్టు సర్టిఫికెట్ చూపించకపోతే పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ చెక్ అవసరమన్న ముద్ర పడుతుంది. రెండేళ్ల ఐటీఐ గుర్తింపు డిప్లొమా ఉన్నా, ఆదాయపు పన్ను కడుతున్నా, వయసు యాభై దాటినా, మూడేళ్లకు పైగా విదేశంలో ఉన్నా ఆ ముద్ర అక్కర్లేదు. టెన్త్ పాసై కూడా 'సర్టిఫికెట్ ఊళ్లో ఉంది, ఇప్పుడెవడు వెళ్తాడు' అని చదువు తక్కువ చేసి రాసినవాళ్లు ఉన్నారు. తర్వాత ముద్ర తీయించాలంటే మళ్లీ పుస్తకం మార్పించాలి, మళ్లీ ఫీజు. శ్రీకాకుళం నుంచి వచ్చి గాజువాకలో గది తీసుకున్నవాళ్లు అడ్రస్ విషయం ఆలోచించి రాయాలి. పోలీసు వెరిఫికేషన్‌కి ఫోన్ వచ్చిన రోజు మనిషి ఆ అడ్రస్‌లో ఉండాలి. ఊరి అడ్రస్ ఇచ్చి మనం ఇక్కడ షిఫ్టులో ఉంటే, మనిషి లేడని రిపోర్టు వెళ్తుంది, ఫైలు ఆగుతుంది.

ట్రేడ్ టెస్టు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే జీతం తేలేది అక్కడే. 6జి అంటే పైపు 45 డిగ్రీల ఏటవాలులో బిగించి ఉంటుంది, తిప్పడానికి లేదు, మనమే చుట్టూ తిరగాలి. సాధారణంగా ఇచ్చేది 6 అంగుళాల షెడ్యూల్ 80 కార్బన్ స్టీల్ పైపు, గోడ మందం దాదాపు 11 మిల్లీమీటర్లు. రూటూ హాట్ పాసూ, అంటే అడుగు రెండు పొరలూ టిగ్‌తో; ఫిల్లింగూ క్యాపింగూ, అంటే నింపే పొరలూ పైపొరా ఆర్క్‌తో. టిగ్‌కి 2.4 మిల్లీమీటర్ల ఫిల్లరు తీగ, ఆర్క్‌కి 7018 రకం రాడ్డు. రూట్ ఫేసు (పైపు కొసన ఏటవాలుగా అరగదీయకుండా వదిలే అంచు) ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు ఉంచి, గ్యాప్ 3 మిల్లీమీటర్లు పెట్టి నాలుగు ట్యాకులు (కదలకుండా పట్టే చిన్న అతుకులు) వెయ్యాలి. గ్యాప్ పైపు చుట్టూ ఒకేలా ఉందా లేదా అని వంచిన ఫిల్లరు తీగ పెట్టి నాలుగుచోట్లా చూసుకోవాలి. ట్యాక్ వేశాక మెటల్ లాగేసి ఒకవైపు గ్యాప్ మూసుకుపోతుంది. చాలామంది తప్పేది అక్కడే, ఆ మూసుకున్న చోట పెనిట్రేషన్ రాదు, అంటే వెల్డ్ లోపలి గోడ దాకా దిగదు. పైపు చుట్టుని గడియారం అనుకుంటే, ఆరు దగ్గర మొదలుపెట్టి పన్నెండుకి ఎక్కి, రెండోవైపు మళ్లీ ఆరు నుంచి ఎక్కాలి. ఆరు దగ్గర రెండు కొసలు కలిసేచోట మొదటి బీడ్ (వెల్డ్ గీత) చివర గ్రైండింగ్‌తో ఈకలా పల్చన చెయ్యకుండా వెళ్లిపోతే ఎక్స్‌రేలో నల్లగీత కనబడుతుంది. అదే చోట వేడి ఎక్కువైతే రూట్ లోపలికి ఉబ్బకుండా వెనక్కి లాక్కుపోతుంది.

విశాఖ వాళ్లకి ఇంకో శత్రువు ఉంది, సముద్రపు తేమ. 7018 రాడ్డు ప్యాకెట్ విప్పి రాత్రంతా షెడ్డులో వదిలేస్తే పొద్దున్నకి తడి పీల్చుకుంటుంది. వెల్డ్‌లో పిన్‌హోళ్లు పడతాయి, చల్లారాక పగుళ్లు రావచ్చు. కంపెనీ చెప్పిన ప్రకారం 300 డిగ్రీల పైన గంటా రెండు గంటలు ఓవెన్‌లో కాల్చి, చేతి ఓవెన్‌లో వేడిగా పెట్టుకుని ఒక్కొక్కటే తీసి వాడాలి. టెస్టు పెట్టే యార్డులో చేతి ఓవెన్ లేకపోతే అడగడానికి సిగ్గుపడకూడదు. అడిగినవాడికి పని తెలుసని ఇన్‌స్పెక్టరుకి అర్థమవుతుంది. అలాగే టిగ్ కొట్టేచోట ఫ్యాన్ తిరుగుతుంటే ఆపించాలి. ఆర్గాన్ నిమిషానికి ఎనిమిది నుంచి పన్నెండు లీటర్లు వదులుతాం, ఎదురుగాలి అదంతా తోసేస్తుంది. అండర్‌కట్ (వెల్డ్ అంచున పైపు కరిగి పడే గాడి) లోతు 0.8 మిల్లీమీటరు దాటకూడదు, క్యాప్ ఎత్తు 3 లోపు ఉండాలి. చూపు టెస్టు పాసై ఎక్స్‌రేలో పోయినవాళ్లు పదిమందిలో ముగ్గురు నలుగురైనా ఉంటారు. మెరిసే క్యాప్ చూసి మురిసిపోయే జబ్బు మనకి కొంచెం ఎక్కువ.

సౌదీ వెళ్లేవాళ్లకి ఇది కాక ఆ దేశపు నైపుణ్య పరీక్ష ఒకటుంది. వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, ఏసీ మెకానిక్కులు అది పాసైతేనే వీసా ముందుకి కదులుతుంది. సౌదీకి మెడికల్ వేరే: ఆన్‌లైన్‌లో స్లిప్పు తీసుకుంటే దాని మీద ఏ సెంటరు వస్తే అక్కడికే వెళ్లాలి. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినవాళ్లకి ఎక్స్‌రేలో మచ్చ కనబడితే అన్‌ఫిట్ రాసేస్తారు. ఆ అనుమానం ఉన్నవాళ్లు ముందే సొంత ఖర్చుతో ఛాతీ ఎక్స్‌రే తీయించుకుంటే, ఏజెంటుకి కట్టే డబ్బయినా మిగులుతుంది.

ఇక ఏజెంటు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని చేర్చాలంటే కేంద్రం ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కొట్టి చూస్తే కంపెనీ పేరు, ఊరు, గడువు కనబడతాయి. ఇందులో చూడాల్సినవి రెండు: గడువు దాటిందా, లైసెన్సు మీద ఉన్న ఊరికీ మన ముందు కూర్చున్న ఆఫీసుకీ సంబంధం ఉందా. గాజువాకలో, డాబాగార్డెన్స్‌లో బోర్డు పెట్టి, 'మాది ముంబై కంపెనీ బ్రాంచి' అని చెప్పేవాళ్లలో ఆ బ్రాంచి పోర్టల్‌లో లేనివాళ్లు ఉంటారు. అలాంటివాడు సబ్‌ఏజెంటు. చట్టం దృష్టిలో అలాంటి మనిషే లేడు, కాబట్టి అతని రసీదుకీ విలువ లేదు.

ఏజెన్సీ మన దగ్గర తీసుకోగలిగిన సర్వీసు ఛార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. నా రసీదు మీద ఉన్న అంకె ఇదే. ఆ రసీదు చేతికి రాకముందు అడిగిన అంకె లక్షన్నర. బేరం ఆడింది నోటితో కాదు, 'బ్యాంకులో వేస్తాను, కంపెనీ పేరు మీద రసీదు కావాలి' అన్న ఒక్క మాటతో. అప్పుడు మాట మారింది, మనిషి మొహం కూడా మారింది. అందరికీ ఇలా జరుగుతుందని చెప్పను. టెస్టు బాగా పాసైన వెల్డరు కంపెనీకి కావాలి కాబట్టి ఆ మాట చెల్లింది. హెల్పరుగా వెళ్లేవాడు అదే మాటంటే, 'అయితే లైన్లో నీ వెనకాలున్నవాణ్ణి పిలుస్తా'నంటారు. అందుకే చేతిలో పని లేకుండా వెళ్లేవాడి దగ్గరే ఎక్కువ డబ్బు పోతుంది.

లక్షన్నర అప్పు లెక్క వెయ్యండి. మా వైపు నూటికి మూడు రూపాయల వడ్డీ సాధారణం. నెలకి 4,500. రెండేళ్లకి వడ్డీయే 1,08,000. అసలు అలాగే ఉంటుంది. ఇంకా విమానం ఎక్కకముందే మీటరు తిరగడం మొదలవుతుంది. ఫైలు నాలుగు నెలలు నానితే 18,000 గాలికి పోయినట్టే.

ఈ సబ్‌ఏజెంటు మన తీరానికి కొత్తవాడేం కాదు. బ్రిటిష్ కాలంలో విశాఖ, భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి బర్మాలోని రంగూన్‌కి వెళ్లిన కూలీలకి ముందు మేస్త్రీ ఎదురయ్యేవాడు. ఓడ టికెట్టుకీ ఇంటి ఖర్చుకీ బయానా ఇచ్చి, రంగూన్ రేవులోనో బియ్యం మిల్లులోనో పెట్టి, జీతంలో కోసుకునేవాడు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లందరినీ కొరంగీలనేవారు. 1930 మేలో రంగూన్ రేవు కూలీల సమ్మె తర్వాత జరిగిన అల్లర్లలో దెబ్బలు తిన్నదీ వాళ్లే. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక వేలమంది అడవుల్లోంచి కాలినడకన వచ్చారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి వ్యాపారాలు జాతీయం చేశాక, మిగిలినవాళ్లు ఓడల్లో వచ్చారు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంప్ అని బస్సు కండక్టరు కేకేసేచోట దిగేవాళ్లలో ఎంతమందికి ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుసో మరి.

ఆఫర్ లెటరు దగ్గర చదవాల్సింది మొత్తం జీతం కాదు, బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల జీతం. ఇద్దరికీ 1,800 రియాళ్లే అనుకుందాం. ఒకరికి బేసిక్ 1,800, కంపెనీ గదీ భోజనమూ వేరే. ఇంకొకరికి బేసిక్ 1,000, గదికి 500, భోజనానికి 300. ఖతార్‌లో 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న కనీస వేతనం సరిగ్గా ఈ రెండో లెక్క. ఓవర్‌టైం బేసిక్ మీదే లెక్కిస్తారు. బేసిక్‌ని 240 గంటలతో భాగించి పావు వంతు కలుపుతారు. మొదటివాడికి గంటకి 9.37 రియాళ్లు, రెండోవాడికి 5.20. రోజుకి రెండు గంటల చొప్పున 26 రోజులు చేస్తే ఒకరికి దాదాపు 487, ఇంకొకరికి 271. తేడా 216 రియాళ్లు. రియాల్ 23 రూపాయలనుకుంటే నెలకి 5,000 రూపాయలకి దగ్గర, పైన చెప్పిన వడ్డీ కన్నా ఎక్కువే. గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే: ఏడాది నిండాక, ఏడాదికి మూడు వారాల బేసిక్. మొదటివాడికి రెండేళ్లకి 2,520 రియాళ్లు, రెండోవాడికి 1,400. ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద పడుకునే ఇద్దరికి, ఒకే పనికి ఇంత తేడా.

బేసిక్ తర్వాత వీసా మీద రాసిన వృత్తి చూడాలి. వెల్డరుగా టెస్టు పెట్టి, 'కోటా లేదు, లేబర్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్చుతాం' అంటారు. అక్కడికి వెళ్లాక మార్చడానికి ఎవరికీ తొందర ఉండదు. ప్రమాదం జరిగినా, జీతం తగ్గించినా, వెల్డరునని చూపించుకోవడానికి కాగితం ఉండదు. తర్వాత చూడాల్సినవి పనిగంటలు, వారం సెలవు, రెండేళ్లకి టికెట్టు ఎవరిది, ప్రొబేషన్ ఎన్ని నెలలు.

వీసా నంబరు వచ్చాక ఖతార్ వీసా సెంటరు. 2019లో మన దేశంలో తెరిచారు. ఢిల్లీ, ముంబై, కొచ్చి, హైదరాబాద్, చెన్నై, కోల్‌కతా, లక్నోల్లో ఉన్నాయి, విశాఖలో లేదు. మనవాళ్లు రాత్రి రైలు పట్టుకుని హైదరాబాద్ పోతారు. వేలిముద్రలు, మెడికల్, కాంట్రాక్టు సంతకం మూడూ ఒకే కప్పు కింద అయిపోతాయి. అక్కడ ఫీజులు కట్టాల్సింది కంపెనీ. 'వీసా సెంటరు ఖర్చు' అని విడిగా అడిగితే అది దొంగ లెక్క. ఇంతకుముందు మెడికల్ దోహాలో దిగాక తేలేది, అన్‌ఫిట్ అయితే అప్పుతో సహా వెనక్కి. ఇప్పుడు ఇక్కడే తేలుతుంది. కాంట్రాక్టు తెర మీద చూపించి సంతకం పెట్టమంటారు. ఆఫర్ లెటరు ప్రింటు చేతిలో ఉంచుకుని, బేసిక్కూ వృత్తీ అంకెకి అంకె సరిచూసుకోవాల్సింది అప్పుడే. తేడా ఉంటే సంతకం పెట్టకుండా లేచి రావచ్చు. లేచి వచ్చినవాళ్లు తక్కువ, ఎందుకంటే అప్పటికే డబ్బు కట్టేసి ఉంటారు. వీసా కాగితం చేతికొచ్చాకే సర్వీసు ఛార్జీ కడతానని మొదట్లోనే మాట్లాడుకోమనేది ఇందుకే. వీసా లేకుండా ఎంత కట్టినా, ఆ సంతకం దగ్గర మన నోరు కట్టేసుకున్నట్టే.

ఈసీఆర్ ముద్ర ఉన్నవాళ్లకి ఇంకో మెట్టుంది, ఎమిగ్రేషన్ క్లియరెన్సు. గల్ఫ్ దేశాలూ మలేషియా, థాయ్‌లాండ్, ఇరాక్, జోర్డాన్ వంటివి కలిపి 18 దేశాలకి ఇది తప్పనిసరి. దరఖాస్తు ఈ-మైగ్రేట్‌లో ఏజెన్సీయే పెడుతుంది. ఒకరోజు ముందస్తు శిక్షణ ఉంటుంది, ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తీసుకోవాలి. ప్రీమియం రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375. ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. లక్షన్నర అప్పు చేసి వెళ్తూ 375 దగ్గర 'ఎందుకులే' అనేవాళ్లని చూశాను. పాలసీ కాగితం మన సంచిలో ఉంటే లాభం లేదు, ఇంట్లో భార్య దగ్గరో అమ్మ దగ్గరో ఉండాలి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో పనికి వెళ్లే ఆడవాళ్లకి ముప్ఫై ఏళ్లు నిండాలన్న నిబంధన కూడా ఉంది. వయసు తక్కువైనవాళ్లని విజిట్ వీసా మీద పంపి ఇళ్లల్లో పనికి పెట్టే దందా అక్కడి నుంచే పుట్టింది.

క్లియరెన్సు ఒక అడ్డంకి అనిపిస్తుంది కానీ, అది లేనిచోట ఏం జరుగుతుందో 2024లో విశాఖలోనే చూశాం. డేటా ఎంట్రీ ఉద్యోగాలని లక్ష, లక్షన్నర తీసుకుని కుర్రాళ్లని కంబోడియా పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాల గదుల్లో కూర్చోబెట్టారు. మే నెలలో విశాఖ పోలీసులు ఏజెంట్లని అరెస్టు చేశారు, కొందరు కుర్రాళ్లు వెనక్కి రాగలిగారు. కంబోడియా ఆ 18 దేశాల్లో లేదు. పైగా వెళ్లినవాళ్లు డిగ్రీలు చదివినవాళ్లు, వాళ్ల పాస్‌పోర్టుల మీద ఈసీఆర్ ముద్ర ఉండదు. టూరిస్టు వీసా మీద వెళ్తున్నవాణ్ణి ఎయిర్‌పోర్టులో ఎవరు ఆపుతారు? చదువుకున్నవాడికి కాపలా అక్కర్లేదన్న లెక్క అక్కడ తప్పింది.

బయల్దేరే ముందు చిన్న పనులు కొన్ని ఉంటాయి, త్వరగా చెప్తాను. విదేశీ సంపాదన పంపుకోవడానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరవండి. విదేశం వెళ్లాక పాత సేవింగ్స్ ఖాతా అలాగే నడపకూడదు, ఎన్ఆర్‌ఓగా (ఇక్కడి రాబడికి ప్రవాసులు వాడే ఖాతా) మార్చుకోవాలి. నామినీ పేరు రాయించండి. పొలానికీ ఇంటికీ జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తే, అమ్మే హక్కు లేకుండా పరిమితంగా రాయించండి. అన్నదమ్ముల మధ్య ఈ ఒక్క కాగితం పెట్టిన గొడవలు దోహా ఎండ కన్నా ఘోరం. ఆఫర్ లెటరు, కాంట్రాక్టు, వీసా, పాస్‌పోర్టు మొదటి పేజీ, ఏజెన్సీ రసీదు ఒక సెట్టు ఇంట్లో, ఫొటోలు ఇంకొకరి ఫోన్లో ఉంచండి.

దిగాక నెలరోజుల్లోపు కంపెనీ రెసిడెన్సు పర్మిట్ చేయించాలి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టం ప్రకారం తప్పు. 'లాకర్‌లో భద్రంగా ఉంటుంది' అంటే, నా దగ్గరే భద్రంగా ఉంటుందని చెప్పండి. జీతం బ్యాంకు ఖాతాలోనే పడాలి. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున్న 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకూ బయట ఎండలో పని చేయించకూడదు. అందుకని వేసవిలో తెల్లవారుజామునే షిఫ్టు మొదలవుతుంది. విశాఖలో ఉక్కబోతకి అలవాటు పడ్డవాళ్లం కదా అనుకుంటాం. అక్కడ తడి వేడి, పొడి వేడి రెండూ వంతులవారీగా వస్తాయి. మొదటి రెండు వారాల్లో నీళ్లు దాహం వేయకముందే తాగాలి. 2020 మార్పుల తర్వాత పాత కంపెనీ అనుమతి లేకుండానే ఉద్యోగం మారవచ్చు. రెండేళ్లలోపు అయితే నెల, దాటితే రెండు నెలల నోటీసు ఇవ్వాలి. జీతం రాకపోతే అక్కడి కార్మిక శాఖకి ఫిర్యాదు చేస్తూనే, మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కూడా నమోదు చెయ్యండి. ఫిర్యాదులో కాంట్రాక్టు నంబరు ఉంటే పని కదులుతుంది, కథ మాత్రమే ఉంటే కదలదు.

ఊరి మీద దీని ప్రభావం చూడాలంటే గాజువాక ఒక మజిలీ అని గుర్తు పెట్టుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకి ఐదారేళ్లు పడుతుంది. ఆ ఐదారేళ్లు ఏం తినాలి? కుర్రాళ్లు రైలెక్కి విశాఖ వచ్చారు, యార్డుల్లో హెల్పర్లుగా చేరి వెల్డింగ్ పట్టుకున్నారు, ఇద్దరు గల్ఫ్ వెళ్తే వాళ్ల వెనక మిగతావాళ్లు వెళ్లారు. మొదట వెళ్లినవాడు కంపెనీ పేరు, ఫోర్‌మన్ నంబరు, కాంట్రాక్టులో ఎక్కడ ఏ మోసం ఉందో ఊరికి పంపుతాడు. మూడోవాడి నుంచి దారి చవకవుతుంది. అందుకే ఒక ఊరంతా ఒకే దేశానికి, ఒక్కోసారి ఒకే కంపెనీకి వెళ్లినట్టు కనబడుతుంది.

సముద్రం ఒడ్డునున్న ఊళ్లది ఇంకో దారి. ఇక్కడి తీరంలో పెద్ద బోట్లు నిలిపే రేవులు తక్కువ, కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి సీజనంతా బోట్ల మీద పని చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్‌కి దొరికారు, 2020 జనవరిలో ఇరవై మంది వాఘా మీదుగా తిరిగి వచ్చారు. దేశం దాటడానికి వాళ్లు ఏ వీసా కాగితమూ అడగలేదు. వలస వెళ్లింది గుజరాత్‌కి, తేలింది కరాచీ జైల్లో.

డబ్బు ముందు ఇంటి రూపంలో కనబడుతుంది. మేడ మీద కాలమ్ కడ్డీలు ఆకాశంలోకి నిలబడి ఉంటే రెండో కాంట్రాక్టు మొదలైందని అర్థం. తర్వాత పిల్లల బడి మారుతుంది. ఆ తర్వాత ఇంటి లెక్కలు పూర్తిగా ఆడవాళ్ల చేతికి వస్తాయి. చిట్టీ పాట, బ్యాంకు, మేస్త్రీతో బేరం, మావగారి మందులు అన్నీ వాళ్లే చూస్తారు. రెండేళ్ల తర్వాత మగవాడు వచ్చి 'ఆ స్థలం ఎందుకు కొన్నావ్' అంటే ఇంట్లో గొడవ మొదలయ్యేది అక్కడే. సంక్రాంతికి అందరూ సెలవు అడుగుతారు, టికెట్టు ధర అప్పుడే ఆకాశానికి ఎక్కుతుంది. అందుకని కొందరు పండగ అయిపోయాక దిగి, పిండివంటలు ఫ్రిజ్‌లోంచి తింటారు. ఇక యార్డుల్లో ఖాళీ అయిన చోటు ఖాళీగా ఉండదు. బిహార్, జార్ఖండ్, ఒడిశా కుర్రాళ్లు వచ్చి గాజువాక గదుల్లో దిగుతున్నారు. టీ కొట్టువాడు వాళ్ల కోసం హిందీ నేర్చుకున్నాడు. మనవాళ్లు దోహాలో హిందీ నేర్చుకుని వస్తే ఇద్దరికీ మాట కలుస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకోవాల్సినవి గ్రాట్యుటీ లెక్క కాగితం, అనుభవ సర్టిఫికెట్, వెల్డర్ క్వాలిఫికేషన్ కార్డు. మూడూ కంపెనీ లెటర్‌హెడ్ మీద, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తోనే ఉండాలి. విమానం ఎక్కాక వీటి కోసం ఎన్ని మెయిళ్లు పెట్టినా జవాబు రాదు. ఇవి ఉంటే రెండోసారి బేసిక్ దగ్గర బేరం మన వైపుకి వంగుతుంది.

ఇప్పుడు వారానికి ఒకరైనా ఫోన్ చేస్తారు, ఎక్కువగా మా మేనత్తల, పెద్దమ్మల వైపు కుర్రాళ్లు. నాలుగు అడుగుతాను: ఏజెన్సీ రిజిస్ట్రేషన్ నంబరెంత, వీసా మీద వృత్తి ఏం రాశారు, బేసిక్ ఎంత, టికెట్టు ఎవరిది. రెండో ప్రశ్న దగ్గరే అవతల గొంతు తగ్గుతుంది.

"అది కాదు బావా, ముప్ఫై వేలు అడ్వాన్సు మొన్ననే ఇచ్చీసేను."